ఎస్టాబ్లిష్‌మెంట్ సీటుకు శిక్షణ ఏది?



కేరళలో ఒక ప్రభుత్వోద్యోగి 1973 మే 19న రిటైరయ్యారు. ఆయనకు రావలసిన పెన్షన్, గ్రాట్యుటీ డబ్బు చేతికి అందింది 1975 ఆగస్టు 14న. మధ్యలో రెండేళ్ల మూడు నెలలు. ఎందుకు ఆగిందయ్యా అంటే, ఎల్.పి.సి. రాలేదు. ఉద్యోగి ఆఖరున తీసుకున్న జీతమెంతో చెప్పే కాగితం అది. జిల్లా ట్రెజరీ నుంచి అది సకాలంలో కదల్లేదు. ఆయన ఊరుకోలేదు, వడ్డీ కావాలని దావా వేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1984 డిసెంబర్ 17న తీర్పు వచ్చింది. ఈ పద్మనాభన్ నాయర్ కేసు అంటే సర్వీసు విషయాలు చూసే లాయర్లందరికీ తెలుసు. పెన్షన్, గ్రాట్యుటీ సర్కారు దయతలచి ఇచ్చేవి కావనీ, రిటైరై రెండు నెలలు దాటితే వడ్డీ కట్టి తీరాలనీ కోర్టు చెప్పింది. ఇలాంటి కాగితాలన్నీ రిటైరయ్యే రోజుకు కనీసం వారం ముందే సిద్ధం కావాలంది. ఆలస్యం చేసిన అధికారిని దావాలో ప్రతివాదిగా చేర్చలేదు కనక ఆయన మీద తాము ఏమీ వేయలేమని, ఆ సొమ్ము ఆయన దగ్గర రాబట్టాలో లేదో ప్రభుత్వమే ఆలోచించుకోవాలని కూడా అంది.

సరిగ్గా దానికి రెండేళ్ల ముందు, 1982లో, అదే డిసెంబర్ 17న, పెన్షన్ హక్కేనని చెప్పిన సుప్రీంకోర్టు నకారా కేసు తీర్పు వచ్చింది. ఆ తారీకునే మన పెన్షనర్లు ఏటా పెన్షనర్స్ డే అని సభ పెట్టుకుని, శాలువాలు కప్పుకుని, టీ తాగి ఇళ్లకు వెళతారు. హక్కు గురించి మాట్లాడటానికి ఆ సభలున్నాయి. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ కాగితం రాయవలసిన మనిషి గురించి. అతనికి ఆ పని ఎవరు నేర్పారు?

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లినా ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు అని ఒకటి ఉంటుంది. జూనియర్ అసిస్టెంటో సీనియర్ అసిస్టెంటో ఆ సీటు చూస్తుంటారు. జీతాల బిల్లు, ఇంక్రిమెంట్లు, సెలవుల లెక్క, సర్వీస్ రిజిస్టర్, ప్రావిడెంట్ ఫండు, బీమా కోతలు, చివరికి పెన్షన్ కాగితాలు, అన్నీ ఆ బల్ల మీదే పుడతాయి. వాటి మీద సంతకం చేసేది డి.డి.ఓ. ట్రెజరీ నుంచి డబ్బు డ్రా చేసి పంచే బాధ్యత ఉన్న అధికారి. ఎక్కువ డ్రా చేస్తే ఆయనే జవాబు చెప్పాలి.

మరి ఆ డి.డి.ఓ. ఎవరు? జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరు. ప్రైమరీ స్కూళ్లకు మండల విద్యాధికారి. ఇంకో చోట డాక్టరు, మరో చోట ఇంజనీరు. నిన్నటిదాకా పదో తరగతికి లెక్కలు చెప్పిన మేష్టారు ప్రమోషన్ వచ్చి ఇవాళ చార్జి తీసుకుంటారు, ఇరవయ్యో తారీకు దాటేసరికి జీతాల బిల్లు మీద సంతకం పెట్టాలి. చాలా హైస్కూళ్లలో గుమాస్తా పోస్టే ఖాళీ. బిల్లు చేసేది కంప్యూటర్ తెలిసిన ఇంకో టీచరు. త్రికోణమితి చెప్పగలిగిన మనిషి ఫండమెంటల్ రూల్స్ కూడా చెప్పగలడని ప్రభుత్వం ఎలా అనుకుందో నాకు ఇప్పటికీ బోధపడదు.

పని ఎలా నేర్చుకుంటారంటే, పాత బిల్లు చూసి. 'పోయిన నెల బిల్లు తీసి, పేర్లు చూసుకుని కొట్టెయ్' అని సూపరింటెండెంట్ చెబుతాడు. పాత బిల్లులో తప్పుంటే కొత్త బిల్లులోకీ వస్తుంది. నాలుగు నెలలకు చెయ్యి తిరుగుతుంది, ఎందుకు చేస్తున్నాడో మాత్రం తెలియదు. ఇదివరకు తాలూకా ఆఫీసుల్లో ముప్ఫై ఏళ్లు ఒకే పని చేసి, రూలు నంబరు నోటి మీద ఉండే హెడ్ గుమాస్తాలు ఉండేవారు. కోపిష్టులే, కానీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవారు. 2016 అక్టోబర్‌లో తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫై ఒకటయ్యాయి, తర్వాత ముప్ఫై మూడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. ఆఫీసులు పెరిగాయి, బోర్డులు వెలిశాయి. ఉన్న అనుభవస్తులను పంచుకుంటే ఒక్కో ఆఫీసుకు వచ్చింది తక్కువ.

శిక్షణే లేదని నేననను. హైదరాబాద్ జూబిలీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఉంది. బాపట్లలో ఆంధ్రప్రదేశ్ సంస్థ ఉంది. కేంద్రం 2020లో మిషన్ కర్మయోగి అని మొదలుపెట్టి ఆన్‌లైన్ పాఠాలు పెట్టింది. మంచిదే. డిపార్టుమెంటల్ టెస్టులూ ఉన్నాయి. ప్రమోషన్ కావాలంటే అకౌంట్స్ టెస్ట్ పాసవ్వాలి, హెడ్మాస్టరు కావాలంటే గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్ట్, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్ట్ పాసవ్వాలి. వాటి కోసం బజార్లో గైడ్లు, బిట్ బ్యాంకులు దొరుకుతాయి. పాసైన వాళ్లకు రూల్సు పుస్తకంలో ఏ పేజీలో ఏముందో తెలుస్తుంది. ఎదురుగా ఒక చిరిగిన సర్వీస్ రిజిస్టర్ పెట్టి, ఈయనకు ఎన్నేళ్ల అర్హత సర్వీసు ఉందో తేల్చమంటే పాసైనవాడూ తడబడతాడు. పరీక్షను శిక్షణ అనుకోవడం మన పరిపాలనలో పాత అలవాటు.

కొత్త అలవాటు ఇంకొకటి వచ్చింది. సాఫ్ట్‌వేర్ నేర్పితే శిక్షణ అయిపోయినట్టే. ఆంధ్రప్రదేశ్‌లో సి.ఎఫ్.ఎమ్.ఎస్., తెలంగాణలో ఐ.ఎఫ్.ఎమ్.ఐ.ఎస్. అనే ఆన్‌లైన్ ఖజానా వ్యవస్థలు వచ్చాక ఏ బటన్ నొక్కాలో చెప్పే వీడియోలు వందలున్నాయి. అసలు పని నేర్పుతున్నది చాలావరకు ఉద్యోగ సంఘాల డైరీలు, ఏటా ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను లెక్కకు ఎవరో ఓ టీచరు ఓపిగ్గా తయారుచేసి పంచే ఎక్సెల్ షీట్లు, వాట్సాప్ గ్రూపులు. వాళ్లకు దండం పెట్టాలి. కానీ ప్రభుత్వ ఖజానా లెక్క వాట్సాప్ ఫార్వర్డు మీద నడవడం మాత్రం నాకు మింగుడు పడదు. కంప్యూటర్ కూడికలో తప్పు చేయదు. ఇంక్రిమెంట్ తేదీ తప్పుగా ఎక్కిస్తే, ఆ తప్పునే ప్రతి నెలా తప్పకుండా కూడిపెడుతుంది.

ఈ ఇంక్రిమెంట్ సంగతి కాస్త వివరంగా చెబుతాను. ఒక ఉద్యోగి జీతం లేని సెలవు మీద కొన్ని నెలలు వెళ్లాడనుకుందాం. మామూలుగా ఆ కాలం ఇంక్రిమెంటుకు లెక్కలోకి రాదు, వైద్య కారణాల వంటి వాటికి మినహాయింపులున్నా వాటికి విడిగా ఉత్తర్వు ఉండాలి. అంటే ఇంక్రిమెంట్ తేదీ అన్ని రోజులు వాయిదా పడాలి. సీటు చూసే కుర్రాడికి అది తెలియదు. పాత తేదీకే వేశాడు. నెలకు తేడా కొద్ది రూపాయలు, ఎవరి కంటా పడలేదు. తర్వాత ఆరేళ్ల స్కేలు, పన్నెండేళ్ల స్కేలు, ప్రమోషన్ ఫిక్సేషన్, ఒక పి.ఆర్.సి. వేతన సవరణ, ఇంకో పి.ఆర్.సి., అన్నీ ఆ అంకె మీదే నిలబెట్టారు. కుర్రాడు బదిలీ మీద వెళ్లాడు, పెద్దవాడయ్యాడు, బహుశా రిటైరయ్యాడు కూడా. ఉద్యోగి పెన్షన్ కాగితాలు అకౌంటెంట్ జనరల్ ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడ ఎవరో సర్వీస్ రిజిస్టర్ మొదటి పేజీ నుంచి తిరగేస్తారు. అబ్జెక్షన్ వస్తుంది. ఫిక్సేషన్లన్నీ తిరగరాయాలి, ఎక్కువ తీసుకున్నది గ్రాట్యుటీలో కోయాలి.

ఇలాంటివి ఎన్ని వచ్చాయంటే, 2014 డిసెంబర్ 18న పంజాబ్‌కు చెందిన రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీయవలసి వచ్చింది. మూడు, నాలుగు తరగతుల ఉద్యోగుల దగ్గర గానీ, రిటైరైన వాళ్ల దగ్గర, ఏడాదిలో రిటైరవబోయే వాళ్ల దగ్గర గానీ, ఐదేళ్లకు పైబడి పొరపాటున చెల్లిస్తూ వచ్చిన సొమ్ము గానీ తిరిగి రాబట్టకూడదంది. ఉద్యోగికి ఊరట దొరికింది. పోయిన డబ్బు ప్రజలది. ఆ కుర్రాడికి చేరిన మొదటి నెలలో సెలవుకూ ఇంక్రిమెంటుకూ ఉన్న లంకె ఎవరైనా ఒక పూట కూర్చుని చెప్పి ఉంటే, ఆ కోర్టు ఖర్చు, ఆ పెద్దాయన రక్తపోటు రెండూ తప్పేవి.

జీతంలో తప్పు పడితే ఆలస్యంగానైనా మనిషి బతికుండగా తెలుస్తుంది. బీమాలో పడితే?

మన ప్రభుత్వ జీవిత బీమాకు పెద్ద చరిత్ర ఉంది. నిజాం ప్రభుత్వం 1907లో ఉద్యోగుల కోసం కుటుంబ పెన్షన్ నిధిగా మొదలుపెట్టింది. తర్వాత అది జీవిత బీమా నిధి అయింది, రాష్ట్రం ఏర్పడ్డాక ఏ.పి.జి.ఎల్.ఐ. అయింది. ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ విడివిడిగా ఉంది. జీతాన్ని బట్టి స్లాబు, స్లాబును బట్టి ప్రీమియం, తప్పనిసరి కోత. కోత పడుతోంది కదా, బీమా ఉన్నట్టే అని అందరూ అనుకుంటారు. మొదటి ప్రీమియం కోశాక ఉద్యోగి సంతకంతో ప్రపోజల్ ఫారం బీమా ఆఫీసుకు చేరాలి. పి.ఆర్.సి. వచ్చి ప్రీమియం పెంచినప్పుడల్లా ఆ పెరిగిన మొత్తానికి మళ్లీ ఫారం వెళ్లాలి. ఫారం వెళ్లకపోతే ఆ పెరిగిన కోతకు పాలసీ లేదు. డబ్బు మాత్రం నెలనెలా పోతూనే ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలియని ఎస్టాబ్లిష్‌మెంట్ గుమాస్తాలు ఎంతమందో నేను చెప్పలేను గానీ, తెలియని ఉద్యోగులు మాత్రం మన చుట్టూ కావలసినంతమంది.

రెండోది గ్రూప్ ఇన్సూరెన్స్. 1984 నవంబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఒక యూనిట్‌కు నెలకు పదిహేను రూపాయలు, దానికి పదిహేను వేల బీమా. గ్రూపును బట్టి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది యూనిట్లు. కట్టిన దాంట్లో కొంత బీమాకు పోతుంది, మిగతాది పొదుపులో పడి రిటైరయ్యేనాటికి వడ్డీతో వస్తుంది. ఇందులో కీలకం నవంబర్ నెల. ప్రమోషన్ వచ్చి గ్రూపు మారినా పెరిగిన చందా ఆ తర్వాత వచ్చే నవంబర్ ఒకటి నుంచే. కొత్తగా చేరినవాడు నవంబర్ వచ్చేదాకా బీమా భాగం మాత్రమే కడతాడు. ముప్ఫై రూపాయలూ అరవై రూపాయలే కదా అని ఎవరూ పట్టించుకోరు. ఇంటి మనిషి పోయినప్పుడు ఆ తేడా ముప్ఫై వేలు.

ఇక నామినేషన్. ఉద్యోగంలో చేరిన రోజున పెళ్లికాని కుర్రాడు అమ్మ పేరు రాస్తాడు. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, అమ్మ పోతుంది, ఆ కాగితం మాత్రం అలాగే ఉంటుంది. సర్వీసులో ఉండగా ఆయనకేదైనా అయితే, భార్య వారసత్వ ధ్రువపత్రం కోసం తిరగడం మొదలుపెడుతుంది.

శిక్షణ గురించి నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇక్కడుంది. సర్వీసులో ఉండగా మరణించిన ఉద్యోగి ఫైలు ఒక్కటి సరిగ్గా చేయగలిగితే, ఆ గుమాస్తాకు మిగతా అన్ని పనులూ వచ్చినట్టే. అందులో కుటుంబ పెన్షన్ ఉంది, గ్రాట్యుటీ ఉంది, ప్రావిడెంట్ ఫండు ఉంది, రెండు బీమాలున్నాయి, మిగిలిన ఆర్జిత సెలవుకు డబ్బుంది, అంత్యక్రియల ఖర్చుంది, కారుణ్య నియామకం దరఖాస్తుంది. ప్రతిదానికీ వేరే ఫారం, వేరే ఆఫీసు, వేరే గడువు. సర్వీస్ రిజిస్టర్‌లో ఉన్న ప్రతి లోపమూ అప్పుడే బయటపడుతుంది. కాబట్టి తరగతి గదిలో పవర్‌పాయింట్ వేసి 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్సు ఒక్కోటీ చదివి వినిపించడం కన్నా, పేర్లు చెరిపేసిన ఒక నిజం ఫైలు ఇద్దరిద్దరికి ఇచ్చి, మూడు రోజుల్లో దాన్ని అకౌంటెంట్ జనరల్ ఆఫీసు తిప్పి పంపలేనంత శుభ్రంగా తయారు చేయమనాలి. తిప్పి పంపేవాళ్లనే పిలిచి దిద్దించాలి. ఏ.జి. ఆఫీసులోనూ, ట్రెజరీలోనూ అబ్జెక్షన్లు రాసే సిబ్బందికి ఏ తప్పులు మళ్లీ మళ్లీ వస్తాయో కంఠతా ఉంటుంది. జాయింట్ ఫోటో మీద అటెస్టేషన్ లేకపోవడం, ఏటేటా సర్వీసు వెరిఫికేషన్ సర్టిఫికెట్ రాయకపోవడం, బదిలీ కాలం ఎంట్రీ వదిలేయడం. వంటొచ్చిన వాళ్లను వదిలేసి వంటల పుస్తకం అచ్చేసిన వాళ్లను పిలిచి పాఠం చెప్పించుకుంటున్నాం మనం.

రెండో విషయం సమయం. సీటు ఇచ్చాక ఏడాదికో రెండేళ్లకో శిక్షణకు పంపిస్తారు. అప్పటికి తప్పులు జరిగిపోయి, రిజిస్టర్లలో ఎండిపోయి ఉంటాయి. చార్జి ఇవ్వడానికి ముందే, పాత మనిషి పక్కన ఒక జీతాల బిల్లు నెల పూర్తిగా కూర్చోవాలి. బిల్లు చేయడం, ట్రెజరీలో వేయడం, అబ్జెక్షన్ వస్తే సరిచేయడం, జీతం ఖాతాలో పడటం, అంతా కళ్లారా చూడాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

పెన్షన్ విధానాలు కూడా ఇప్పుడు ఒక్కటి కావు. 2004 సెప్టెంబర్ 1న, ఆ తర్వాత రాష్ట్ర సర్వీసులో చేరిన వాళ్లకు సి.పి.ఎస్., అంటే ఉద్యోగి కూడా జీతంలోంచి చందా కట్టే పెన్షన్. వాళ్లకు ప్రాన్ అనే పెన్షన్ ఖాతా నంబర్ రాకపోతే కోసిన డబ్బు వాళ్ల ఖాతాకు చేరదు, మార్కెట్లో పెట్టుబడిగా మారదు. పోయిన రోజులకు ఆ రాబడి ఎవరూ తెచ్చివ్వలేరు. కేంద్ర ఉద్యోగులకు 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పెన్షన్ పథకం వచ్చింది, ఏది కావాలో తేల్చుకునే పని వాళ్లకే వదిలారు. ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు కూర్చుంటే ఇద్దరికీ రెండు చట్టాలు. రిటైర్మెంట్ వయసు ఆంధ్రప్రదేశ్‌లో అరవై రెండు, తెలంగాణలో అరవై ఒకటి. రూళ్లు ఇంత వేగంగా మారుతుంటే ఉద్యోగంలో చేరినప్పుడు ఒక్కసారి ఇచ్చిన శిక్షణ ఎన్నాళ్లకు సరిపోతుంది? కొత్త జీవో వచ్చిన ప్రతిసారీ ఒక పూట డివిజన్ స్థాయిలో ట్రెజరీ వాళ్లే కూర్చోబెట్టి చెప్పే ఏర్పాటుండాలి.

ఇంకొక చిన్న సంగతి, చిన్నదని నేననుకోను గానీ. కౌంటర్ దగ్గర మాట. భర్త పోయిన నెల్లాళ్లకు ఆఫీసుకు వచ్చిన ఆవిడతో 'ఫామ్ సరిగా లేదమ్మా, రేపు రండి' అనడం తేలిక. ఆ ఫారం ఇంగ్లీషులో ఉంది. 1966లోనే మనకు అధికార భాషా చట్టం వచ్చింది. ఇన్నేళ్లయినా పెన్షన్ కాగితాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. 'అమ్మా, కూర్చోండి. ఇవిగో మీకు రావలసినవి ఇన్ని. ఈ మూడు కాగితాలు మీరు తేవాలి, మిగతావి మేం చూసుకుంటాం' అని తెలుగులో ఒక చీటీ రాసిచ్చే పద్ధతి నేర్పడానికి గంట చాలు. అలా రాసిచ్చే గుమాస్తాలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు, వాళ్ల మంచితనం కొద్దీ చేస్తున్నారు. మంచివాడు సీటులో ఉన్నాడా లేడా అన్న అదృష్టం మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడకూడదు.

ఈ ప్రసంగం వింటున్న డి.డి.ఓ.లకు ఒక మనవి. మీ ఆఫీసులో వచ్చే పద్దెనిమిది నెలల్లో రిటైరయ్యే వాళ్ల జాబితా ఈ వారమే రాయించండి. వాళ్ల సర్వీస్ రిజిస్టర్లు మీరే మొదటి పేజీ నుంచి చూడండి, చూసేటప్పుడు మీ కొత్త అసిస్టెంటును పక్కన కూర్చోబెట్టుకోండి. ఉద్యోగులకు ఇంకొక మనవి. ఏడాదికోసారి మీ సర్వీస్ రిజిస్టర్ చూసే హక్కు మీకుంది. ఈసారి జీతాల బిల్లు పని అయిపోయాక, ఒక మధ్యాహ్నం అడిగి తెప్పించుకోండి. ప్రభుత్వ జీవిత బీమా పాలసీ నంబర్లు, గ్రూప్ ఇన్సూరెన్స్ ఎంట్రీలు ఉన్నాయో లేవో చూడండి. నామినేషన్ పేజీలో ఎవరి పేరు ఉందో చదవండి. మార్చవలసి ఉంటే అదే రోజు ఫారం ఇచ్చి, రసీదు తీసుకుని ఇంట్లో చెప్పండి.